ఏ స్టేజీ

పద్నాలుగేండ్ల సంది ఈ రూట్ల నేనడిగే మాట ఒక్కటే:
ఎక్కడికి?
కోఠిల ఎక్కినోళ్లను చాదర్‌ఘాట్ దాటకముందే అడుగుత,
మలక్‌పేట బ్రిడ్జి కింద నీళ్లు నిలిచినా అడుగుత,
మిషిన్ కడుపుకు ఆనించుకొని, ఒంటికాలి మీద.
సంచి చూస్తే చాలు, బూట్లు చూస్తే చాలు,
జవాబు రాకముందే వేలు బటన్ మీదుంటది.

ఇంట్ల మాత్రం పదిరోజుల సంది
ఆ మాట గొంతుల ఇరికింది.

సంఘవికి ర్యాంకొచ్చింది.
మంచిదా అంటే ఊఁ, కాదా అంటే దానికీ ఊఁ.
ఆ అంకె నాకంటె ముందు కాలేజీలోళ్లకు తెలిసింది.
"మేడం, సీటు ఆపి పెట్టమంటరా?"
డ్యూటీల ఉండంగ ఫోను.
నేను ఆపేది బస్సునయ్యా, అని పెట్టేసిన.

మరిది మొయినాబాద్ అంటడు,
హాస్టలుంది, ఏసీ క్లాసులంటడు.
ఈయన కరెంటు బిల్లు వెనక లెక్క రాస్తడు:
ఫీజు లక్షా పదిహేను,
సర్కారిచ్చేది ముప్పై అయిదు, అదీ ఎప్పుడో,
బిల్డింగ్ ఫండు, పుస్తకాలు, ల్యాప్‌టాప్.
నాలుగుతోని గుణించి పెన్ను మూత పెట్టిండు.
మళ్ల తీసి,
సీసీఎస్ లోను అని రాసి కింద రెండు గీతలు గీసిండు.
లోను నా పేరు మీద.

నాకు కాలేజీలు బిల్డింగులతోని తెల్వయి,
దిగే పిల్లలతోని తెలుసు.
మంగల్‌పల్లి కాడ అద్దాల మేడ,
పొద్దుగాల ఎండ పడితె డ్రైవర్ కండ్లు చిట్లిస్తడు.
ఆడ చదివే పిల్ల ఒకతి
బొంగుళూరు గేటు దాకా కిటికీకి తల కొట్టుకుంట నిద్రపోతది.
నేనే లేపుత.
ఏం చెప్తరమ్మా మీ కాలేజీల? అన్న ఒకనాడు.
"రానుపోను నాలుగ్గంటలక్కా,
బస్సుల పండుడు నేర్చుకున్న."

అయితే శేరిగూడ పిలగాడున్నడు.
నిలబడే నోట్సుల సర్క్యూట్లు గీస్తడు,
గుంతల పడి వంకరపోయిన గీతను
గుంత దాటినంక సరిచేస్తడు.
వానికి ఆ తొవ్వ దూరం గాదు.
అందుకే కిలోమీటర్లు చెప్పి
బిడ్డను ఆపబుద్ధి కాదు.

ఏడేండ్లప్పుడు
నా ఎస్సార్ కాగితం మీద బోర్ల పండుకొని కూడికలు చేసేది.
"మంగళవారం నీ బస్సుల జనం ఎందుకు తక్కువమ్మా?"
నాకు తెల్వదు. డిపోల ఎవరికీ తెల్వదు.
క్యాలెండర్ వెనక మూడు నెలలు గీతలు పెట్టి చెప్పింది:
"ముందు పోయే బస్సు ఆ రోజు లేటు,
నీ జనాన్ని గూడ అదే ఎక్కించుకుంటది."
ఆ మంగళవారం టైంకీపర్ రిజిస్టర్ చూసిన.
నిజమే.

దానికి స్టాటిస్టిక్స్ అని పేరుందట.
కోఠిల డిగ్రీ కాలేజీల చెప్తరట.
ఏడాది ఫీజు మా రెండు నెలల కిరాయంత.
"డిగ్రీయా?" అన్నది పక్కింటి స్వరూప.
ఆ దీర్ఘంల ఉన్న బరువు
నా చిల్లర సంచికి ఏనాడూ లేదు.

ఆప్షన్లు మూసే రాత్రి
ఫోన్ వెలుగు మొఖం మీద పెట్టుకొని
నా దిక్కు చూసింది.
నేను చెప్తే వింటది. గదే భయం.
కడిగిన గిన్నెనే మళ్ల కడిగిన.

పొద్దుగాల ఫస్టు ట్రిప్పు మళ్లి వస్తుంటె
దిల్‌సుఖ్‌నగర్‌ల ఎక్కింది,
ఫైలు ఎదకు పట్టుకొని, నేనెవరో తెల్వనట్టు.
రూల్ ప్రకారం ఆధార్ కార్డు చూపింది.
ఫోటోల ఇంకా రెండు జడలు.

ఎక్కడికి?
నా గొంతు నాకే కొత్తగ వినబడ్డది.

కోఠి, అన్నది.
చేరనీకా, చూసి రానీకా, నేనడగలె.
కోఠి నుంచి మొయినాబాద్‌కు గూడ బస్సులు మారొచ్చు.
జీరో టికెట్ కొడితె అచ్చు సగమే పడ్డది,
రోల్ అయిపోవచ్చింది.
మడిచి ఫోన్ కవర్ల పెట్టుకున్నది.

వెనకంగ ఎవరో
అక్కా, నా ఇరవై, అంటున్నరు.